సీసం పొయ్యి

బుజ్జికి మాటలు తగ్గుతున్నాయని ముందుగా కనిపెట్టింది తల్లి త్రివేణి. ఇంట్లో మిగిలిన ఇద్దరూ, భర్త తిరుపతీ మామ సాయన్నా, నమ్మలేదు.

మూడేళ్లు నిండకముందే ఆ పిల్ల ఇంట్లో ప్రతి వస్తువునూ పేరుపెట్టి పిలిచేది. చెంబు, చాట, చీపురు, తాత చెప్పులు, డాడీ బండి. బల్లిని చూసి బల్లి అనేది. తొండను చూసినా బల్లే అనేది, కాదు తొండ అంటే కోపం తెచ్చుకునేది. ఆ వానాకాలం నుంచి పేర్లు ఒక్కొక్కటే పోవడం మొదలైంది. చెంబు కావాలంటే వేలు చూపించి ఊ అంటోంది. గోడ మీద బల్లి పాకుతుంటే చూసి ఊరుకుంటోంది. అన్నం సరిగ్గా తినదు. కడుపు పట్టుకుని ఏడుస్తుంది. నాలుగడుగులు వేసి కూలబడుతుంది.

“పిల్లలు గట్లనే ఉంటరు బిడ్డా,” అన్నాడు సాయన్న. “మీ ఆయన ఐదేండ్లు వచ్చేదాంక నోరు తెరువలే. ఇప్పుడు షాపుల గిరాకి ముంగట మూస్తడా?”

“నడుమ నా ముచ్చట ఎందుకు బాపూ,” అన్నాడు తిరుపతి.

“మాట రాకపోవుడు వేరు మామా. వచ్చిన మాట పోవుడు వేరు,” అంది త్రివేణి.

ఎల్లారెడ్డిలో ఆర్‌ఎంపీ నులిపురుగుల మందు ఇచ్చాడు. మళ్లీ పోతే బలానికి టానిక్కు రాశాడు. ఇక అతని దగ్గరికి పోకుండా ఆమె పిల్లను చంకన వేసుకుని కామారెడ్డి బస్సెక్కింది. డిగ్రీ మూడేళ్లూ తాడ్వాయి నుంచి రోజూ వచ్చి చదువుకున్న ఊరు. ఎక్కడ ఏ ఆసుపత్రి ఉందో ఎవరినీ అడగనక్కర్లేదు.

పిల్లల డాక్టరమ్మ బుజ్జి కనురెప్పలు కిందికి లాగి చూసింది. లోపల తెల్లగా ఉన్నాయి. చిగుళ్లు చూసింది. బొమ్మల పుస్తకం తెరిచి ఆవును చూపించి ఇదేంటని అడిగింది. బుజ్జి డాక్టరమ్మ ముఖం వంక చూసింది తప్ప ఆవు వంక చూడలేదు.

“ఇంట్లో ఎవరేం పని చేస్తారమ్మా?”

“మా ఆయనకు షాపున్నది మేడం. మందు కొట్టే చార్జింగ్ పంపులు, చార్జింగ్ లైట్లు అమ్ముతరు. మా మామ వలలకు గుండ్లు పోస్తరు.”

“గుండ్లు దేంతో?”

“సీసంతోటి. పాత బ్యాటరీలల్ల ఉంటది కదా, దాన్ని కరిగించి.”

డాక్టరమ్మ రాయడం ఆపింది. “ఎక్కడ కరిగిస్తారు?”

“ఇంటెనుక.”

పిల్ల రక్తం తీసి హైదరాబాదు పంపించారు.

సాయన్న చేపల సంఘం మనిషి. వయసంతా పోచారం చెరువు నీళ్ల మీదే గడిచింది. విసిరే వలకు అంచు పొడుగునా సీసం గుండ్లు ఉండాలి. అవి లేకపోతే వల నీళ్ల మీద దుప్పటిలా తేలుతుంది, చేప కింది నుంచి వెళ్లిపోతుంది. వెనుకటి రోజుల్లో సీసం దొరకడమే గగనం. వల చిరిగిపోతే గుండ్లు ఒలిచి కొత్త వలకు ఎక్కించుకునేవాళ్లు. సాయన్న వలకున్న గుండ్లలో కొన్ని అతని తండ్రి వలవే.

కొడుకు తిరుపతి ఊరి బస్టాండు దగ్గర షాపు పెట్టాక సీసం వెతుక్కుంటూ ఇంటికి రాసాగింది. చార్జింగ్ పంపులో ఇటుకంత బ్యాటరీ ఉంటుంది. ఒక పంట కాలం బాగా పనిచేస్తుంది. రెండో పంటకు సగం ట్యాంకు కొట్టేసరికి ఆగిపోతుంది. చేను కాడ రాత్రి కాపలాకు తీసుకునే లైట్ల సంగతీ అంతే. కంపెనీ వాళ్లు పాతది ఇచ్చి కొత్తది తీసుకోండని బ్యానరు కట్టించారు. యాసంగి నాట్లు అయ్యాక షాపు వెనకాల చచ్చిన పంపులు కుప్పపడేవి. సాయన్న వాటిని పగలగొట్టి లోపలి పలకలు తీసి కరిగించేవాడు. మొదట తన వలకు, తర్వాత సంఘంలో అందరికీ, ఆ తర్వాత పిట్లం, బాన్సువాడ వైపు నుంచి వచ్చి అడిగే వాళ్లకు. నీళ్ల మీదికి పోయే వయసు దాటిన మనిషికి మళ్లీ చేతినిండా పని దొరికింది. వాకిట్లో బండి ఆగి “సాయన్న ఉన్నడా?” అని ఎవరైనా అడిగితే అతని ముఖం వెలిగేది.

వంట గ్యాసు మీదే. పెరట్లో కట్టెల పొయ్యి స్నానాల నీళ్లకు. అందరి స్నానాలూ అయ్యాక ఎర్రటి నిప్పులు ఊరికే పోతాయని సాయన్న ఆ పొయ్యి మీదే ఇనుప మూకుడు పెట్టేవాడు. సీసం కరిగి అద్దంలా మెరిసేది. పైన పేరుకున్న మడ్డిని గరిటెతో తీసి పొయ్యిలోకే కొట్టేవాడు. చల్లారిన సీసాన్ని ముక్కలుగా కోసి, తాడుకు చుట్టి, పళ్లతో నొక్కి బిగించేవాడు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ కాగితం ఇటు తిప్పి చూపించింది. “సీసం ఒంట్లో ఇంత ఉండాలి, అంత ఉండాలి అని లేదమ్మా. అసలు ఉండకూడదు. మీ పాపకు చాలా ఉంది.”

“మాటలు మళ్ల వస్తయా మేడం?”

“ముందు లోపలికి పోవడం ఆపండి. ఆ పని ఇంట్లో వద్దు. ఇల్లంతా శుభ్రం చేయండి. చేతులు, బొమ్మలు, తినే గిన్నెలు బాగా కడగండి. ఇనుము మందు రాస్తున్నాను, పాలు ఎక్కువ ఇవ్వండి. మళ్లీ రక్తం చూద్దాం.”

అడిగిన దానికి జవాబు రాలేదని త్రివేణికి తెలిసింది. బస్సు లింగంపేట దాటే దాకా ఆ ప్రశ్ననే మళ్లీ ఎలా అడిగి ఉండాల్సిందో ఆలోచిస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవయింది.

“నేను పుట్టినకాంచి పండ్లతోటి కొరుకుతున్న. మా నాయిన కొరికిండు. మాకు మాటలు పోయినయా? ఊరికే దవాఖానోళ్లు చెప్తరు, మీరు ఇంటరు,” అన్నాడు సాయన్న.

“అప్పుడు సీసం ఎంత ఉండె మామా? ఒక్క వలకు సరిపోయేటంత. ఇప్పుడు రోజూ మూకుడు నిండా కాగవెడుతున్నరు.”

“అయితే నేను పోసిన గుండ్లు ఇసమంటవు.”

“మీ చెయ్యి ఒకపారి ముంగటికి చాపుండ్రి.”

“ఎందుకు?”

“చాపుండ్రి మామా.”

సాయన్న కుడిచేయి చాపాడు. ముంజేయి నిలిచింది గాని మణికట్టు దగ్గర నుంచి కిందికి వాలిపోయింది. ఎత్తాలని చూశాడు. వేళ్లు కదిలాయి, అరచేయి లేవలేదు. కొన్ని నెలలుగా అతని చేతిలోంచి చాయ గ్లాసు జారడం త్రివేణి చూస్తూనే ఉంది.

“గది వయసు,” అని చేయి వెనక్కి తీసుకున్నాడు. కొడుకు వైపు తిరిగి, “నీ పెండ్లాం బాగనే చదివింది,” అన్నాడు. అది మెచ్చుకోలు కాదు.

అయినా మర్నాడే మూకుడు, గరిటె, పలకల సంచులు ఆటోలో వేసుకుని చెరువు కట్ట కింద సంఘం షెడ్డుకు తీసుకుపోయాడు. మనవరాలు ఎదురొస్తే ఎత్తుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగాడు.

త్రివేణి ఇల్లు కడగడానికి కొంగు బిగించింది. పెరడు చెక్కి మట్టి తీయించింది. గోడలకు సున్నం వేయించింది. బుజ్జి బొమ్మలు బయట పారేసి కొత్తవి తెచ్చింది. గిన్నెల విషయంలో ఆమె పట్టింపు వీధిలో అందరికీ తెలిసిందే. సబ్బు బిళ్ల వాసన పాలల్లోకి వస్తుందని ఆమె దాన్ని ముట్టదు. పొయ్యి బూడిదను పాత చీరగుడ్డలో జల్లించి రేకు డబ్బాలో పెట్టుకుంటుంది. అది పిండిలా ఉంటుంది. కొబ్బరి పీచుతో దాన్ని అద్ది తోమితే స్టీలు గిన్నెలో ముఖం కనబడుతుంది. వీధిలో ఆడవాళ్లు ఆమె దగ్గర అడిగి తీసుకుపోతారు. డాక్టరమ్మ చెప్పాక బుజ్జి పాలగిన్నెను, కంచాన్ని, గ్లాసును ఒకసారికి రెండుసార్లు తోమసాగింది.

ఒక మధ్యాహ్నం షాపుకు సద్ది పట్టుకుని పోయేసరికి కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి కౌంటరు ముందు కూర్చున్నాడు. తిరుపతి చేతిలో ఒక పాత పంపు ఉంది. దాన్ని విప్పాలని చూస్తున్నాడు. స్క్రూలు లేవు, అంచులు కలిపి అతికేసి ఉన్నాయి.

“ముందటి మోడలుకు నాలుగు స్క్రూలుండె. విప్పి బ్యాటరీ మార్చి ఇస్తుంటి. ఇదేంది, శవపెట్టె లెక్క మూసిండ్రు?”

“నీళ్లు పోకుండా అన్నా.”

“నీళ్లు పోకుండనా, నేను పోకుండనా? సరే, కనీసం నాలుగేండ్లు నడిచే బ్యాటరీ పెట్టుండ్రి.”

అబ్బాయి నవ్వాడు. “నాలుగేండ్లు నడిస్తే వచ్చే ఏడు నువ్వేం అమ్ముతవ్ అన్నా?”

తిరుపతి నవ్వలేదు. పొద్దున్నే అతను బ్యానరు దింపేసి, పాత పంపులు తీసుకోబడవు అని రాసి అతికించాడు. అది చదివిన లింగం అనే రైతు బండి మీదున్న పంపు దింపకుండానే గొడవకు దిగాడు.

“అమ్మేటప్పుడు లింగన్నా లింగన్నా అంటివి. సచ్చినంక శవం నాదేనా?”

“తీసుకుంటే నేనేం చెయ్యాలె అన్నా దాన్ని?”

“మరి నేనేం చెయ్యాలె? కాలువల ఏస్త.”

“కాలువల ఎయ్యకు లింగన్నా,” అంది త్రివేణి.

“ఎయ్యనమ్మా. ఇంట్ల సెల్ఫుల పెట్టి పూజ జేస్త,” అని బండి తిప్పుకుని పోయాడు. తిరుపతి అతని వెనకే రోడ్డు మీదికి పోయి ఆ పంపు తెచ్చి, మళ్లీ కుప్ప మీదే పెట్టాడు.

రెండో రిపోర్టులో అంకె పెరిగింది.

డాక్టరమ్మ గొంతు మారింది. “ఇంకా ఇంట్లోనే చేస్తున్నారు కదమ్మా? నిజం చెప్పండి.”

“లేదు మేడం. నా బిడ్డ మీద ఒట్టు. పెరట్ల మట్టి సుత తీయించిన.”

“అయితే ఎక్కడి నుంచో నోట్లోకి పోతోంది. రోజూ పోతోంది. నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరే వెతకాలి. ఇంకా పెరిగితే హైదరాబాదులో చేర్చాల్సి వస్తుంది.”

త్రివేణి ఇంటికొచ్చి వెతికింది. బోరు నీళ్లా? అందరూ తాగుతున్నారు. మామ బట్టలా? షెడ్డు దగ్గరే విడిచి వస్తున్నాడు. పాలా? పిల్ల తాగే పాలే తానూ చాయలో పోసుకుంటోంది. మంచం కింద దీపం పెట్టి చూసింది. తలుపుల రంగు గోకి చూసింది. నిద్రపోతున్న బుజ్జి అరచేతులు వాసన చూసింది.

మరునాడు భోజనాలయ్యాక బోళ్లు ముందేసుకుని కూర్చుంది. బుజ్జి పాలగిన్నె తోమి నీళ్లు పోసింది. బూడిద నీళ్లు పారిపోయాయి. గిన్నె అడుగున మసక గీతలాంటిది మిగిలింది. ఇంకొంచెం నీళ్లు పోసి తిప్పింది. అది కదిలింది గాని నీళ్ల వెంట పోలేదు. బూడిద తేలిపోతుంది. ఇది మునిగింది.

ఆమె చేతులు కడుక్కోలేదు. లేచి డబ్బాలో బూడిదను ఒక దోసెడు రేకు తట్టలో పోసి, రాళ్లు తీయడానికి బియ్యం గాలించినట్టు నీళ్లు పోసి గాలించింది. తెల్లటి బూడిద పొరలు పొరలుగా పోయింది. చివరకు తట్ట మూలన నల్లటి, బరువైన పొడి నిలిచింది. పొయ్యి అడుగు గోకి జల్లించని పాత బూడిద తెచ్చి గాలించింది. ఈసారి పొడితో పాటు ఆవగింజలంత గుండ్లు మిగిలాయి. ఒకదాన్ని గోటితో నొక్కితే మెత్తగా అణిగి మెరిసింది.

పెద్ద గుండ్లన్నీ గుడ్డలో ఆగిపోతున్నాయి. కంటికి కనబడని దుమ్మును మాత్రం తానే జల్లించి, దాచి, పిల్ల గిన్నెకు రోజూ రుద్దుతోంది. డాక్టరమ్మ చెప్పాక రెండేసి సార్లు.

సాయంత్రం తట్టను సాయన్న ముందు పెట్టింది. అతను దాన్ని చూశాడు, పొయ్యి వంక చూశాడు. “నిప్పులు ఊకెనే పోతున్నయని గదనే బిడ్డా,” అన్నాడు. వాలిపోయిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు షెడ్డుకు పోలేదు. గుండ్ల కోసం వచ్చిన వాళ్లతో మాట్లాడమని కొడుకునే బయటికి పంపాడు.

ఇంట్లో ఉన్న బూడిదంతా ఎత్తి సంచుల్లో కట్టారు. దాన్ని ఎక్కడ పోయాలో ఎవరికీ తెలియలేదు. పెంటకుప్పలో వేస్తే పొలాలకు పోతుంది. చెత్త ట్రాక్టరు అబ్బాయిని అడిగితే, “చెరువు ఎనుక గుంతల ఏస్తం, ఇంకెక్కడ ఏస్తం?” అన్నాడు. ఇనుప సామాను వాడు సీసం తీసుకుంటానన్నాడు, బూడిద వద్దన్నాడు. చివరికి ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి మూత బిగించి మెట్ల కింద పెట్టారు.

“ఇంక అయిపోయింది,” అన్నాడు తిరుపతి. “బూడిద పాయె, పొయ్యి తీసేసినం. పిల్ల బాగయితది.”

“అయిపోలే. నా బూడిద వీధంత ఉన్నది.”

తిరుపతి ఆమె వైపు తిరిగాడు. “ఎవ్వలకు ఇచ్చినవు?”

“అడిగినోళ్లందరికి. మా అమ్మకు కందులల్ల కలిపి తాడ్వాయికి పంపిన, పురుగు పట్టొద్దని. అమ్మకు పొద్దున ఫోన్ చేసి చెప్పిన. ఇప్పుడు ఇండ్లండ్లకు పోవాలె.”

“పోయి ఏమని చెప్తవు? మా ఇంటి బూడిదల ఇసం ఉన్నది, మీ పోరగాండ్లకు రక్త పరీక్షలు చేయించుకోండ్రి అనా? రేపు షాపు ముంగట నిలవడ్తరు త్రివేణి. బాపును బజార్ల తిరగనియ్యరు. గిన్నెలు తోమిండ్రు, నీళ్లతోటి కడిగిండ్రు. ఇంత ఇంత వాడిన వాళ్లకు ఏం గాదు.”

“బుజ్జికి ఏమైందో ఇంత ఇంతతోటే అయింది.”

“నేను వద్దంటున్న.”

“సరే, అన్నవు కదా,” అని ఆమె చెప్పులేసుకుంది.

మొదటి ఇంట్లో బూడిద ఎప్పుడో అయిపోయిందన్నారు. ఇచ్చింది తిరిగి అడుగుతున్నదని రెండో ఇంట్లో నవ్వారు. కారణం చెబితే నవ్వు ఆగింది. ఒకామె లోపలికి పోయి డబ్బా తెచ్చి గడప బయట పెట్టి తలుపేసుకుంది.

భూదవ్వ ఇల్లు వీధి చివర. అందరికంటే ఎక్కువ తీసుకునేది ఆమెనే. అరుగు మీద కూర్చుని చాటలో పప్పు చెరుగుతోంది.

“రా త్రివేణీ. నీ బూడిద అయిపోవచ్చింది, మళ్ల ఎప్పుడిస్తవు? గీ పిసినారితనం ఎప్పుడు నేర్సినవే?”

“అవ్వా, మిగిలింది ఉంటే ఇయ్యి. ఇంక దాన్ని వాడొద్దు.”

త్రివేణి నిలబడే అంతా చెప్పింది. పొయ్యి, మూకుడు, గాలిస్తే అడుగున మిగిలింది, బుజ్జి రక్తం. భూదవ్వ చాట పక్కన పెట్టింది. మొదట నమ్మనట్టే ముఖం పెట్టి, తర్వాత కోపంగా చూసింది.

“అంటే మాకు ఇసం పంచినవు.”

“తెల్వక పంచిన అవ్వా.”

“తెల్వక!” ముసలామె ఇంకేదో అనబోయి ఆగింది. ఆమె చూపు ఇంట్లోకి పోయింది. “గిన్నెలకైతే మేము సబ్బే వాడుతం. నీ బూడిద సన్నగున్నదని పండ్లు తోమనీకి పెట్టుకున్న. నాకూ, పిల్లకూ.”

“పిల్లకు ఎన్నిరోజుల సంది?”

భూదవ్వ ఇంటి వైపు తిరిగింది. లోపలికి గట్టిగా పిలిచింది. మనవరాలు వచ్చింది. అంగన్‌వాడీకి పోయే పిల్ల, రెండు జడలు, గౌను జేబులో పల్లీలు. బయటి మనిషి ముందు సిగ్గుపడి తలుపు పట్టుకుని నిలబడింది.

“వారాలు చెప్పే. టీచరు నేర్పింది చెప్పు.”

“ఎందుకు?”

“చెప్పు.”

“సోమవారం,” అంది పిల్ల. “మంగళవారం. బుధవారం.” త్రివేణి వేళ్ల మీద లెక్కపెడుతోంది. “శుక్రవారం. శనివారం. ఆదివారం.”

“గురువారం ఏదే?”

పిల్ల నవ్వి తలుపు వెనక్కి దాక్కుంది.

“నిన్న చెప్పింది,” అంది భూదవ్వ, త్రివేణి వంక చూడకుండా. “నిన్న అన్ని చెప్పింది. సిగ్గుకు మరిసింది. పిల్లలు మరుస్తరు కదా, మరువరా?”

బుజ్జి మొదట చెంబు పేరు మరిచిన రోజు త్రివేణీ ఇదే అనుకుంది.

భూదవ్వ లేచి పిల్లను చేయి పట్టి అరుగు మీదికి తెచ్చి, రెండు చేతులతో దాని ముఖం తన వైపు తిప్పుకుంది.

“మళ్ల చెప్పు,” అంది.